కాకులు మాత్రం రాలేదు

ఛత్రినాకలో నేను పదో తరగతి పిల్లలకు తెలుగు ట్యూషన్ చెప్పే గదిలో, నల్లబల్ల పక్కన ఒక అట్ట వేలాడుతుండేది. దాని మీద రాత నాదే. ‘వలె, లాగా, అట్లు ఉంటే ఉపమ. అనెడు, అనే ఉంటే రూపకం. ఏమో, కాబోలు ఉంటే ఉత్ప్రేక్ష. నమ్మబుద్ధి కాకపోతే అతిశయోక్తి.’ ఆ ఆఖరి వాక్యం నా సొంత సిద్ధాంతం. ఆలంకారికుడు దండి చూసినా మెచ్చుకునేవాడని అప్పట్లో నా నమ్మకం.

అట్ట పనిచేసింది. చిక్కంతా అక్కడే వచ్చింది. అలంకారాన్ని గుర్తించమనే ప్రశ్న కనబడగానే మా పిల్లలు వాక్యం చదవడం మానేసి దాని తోక కోసం వెతికేవాళ్లు. తోక దొరికితే మార్కులు దొరికేవి. గౌలిపుర నుంచి, ఉప్పుగూడ నుంచి, కందికల్ గేటు అవతలి నుంచి కూడా పిల్లల్ని పంపేవారు. ‘అలంకారాల సారు’ అని పేరొచ్చింది. షా అలీ బండ రోడ్డు మీద ఎవరైనా అలా పిలిస్తే, వినబడనట్టు నటించి రెండోసారి కూడా పిలిపించుకునేవాణ్ణి.

శాస్త్రం రాక ఇలా తయారయ్యానని అనుకోకండి. వచ్చే ఇలా తయారయ్యాను. భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పిన అలంకారాలు నాలుగే: ఉపమ, రూపకం, దీపకం, యమకం. పదహారో శతాబ్దంలో అప్పయ్య దీక్షితులు కువలయానందం రాసేనాటికి అవి వంద దాటాయి. ఓరుగల్లులో విద్యానాథుడు ప్రతాపరుద్రీయం రాస్తూ ఉదాహరణలన్నీ తన రాజు మీదే కట్టాడు. ఆ దారిలోనే భట్టుమూర్తి తెలుగులో నరసభూపాలీయం రాసి తొరగంటి నరసరాజుకు అంకితమిచ్చాడు. ఇవన్నీ నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. లక్షణం, లక్ష్యం, సమన్వయం – మూడూ గడగడా వచ్చేవి. ఇవన్నీ మనుషులు నోటితో మాట్లాడుకునే మాటల్లోంచి పుట్టాయన్న సంగతి మాత్రం ఏ పరీక్షలోనూ అడగలేదు. అడగనిది చదివే అలవాటు నాకు లేదు.

అట్టకు మొదటి దెబ్బ ఒక పిల్లవాడి చేతిలో తగిలింది. ‘అమ్మ చెప్పినట్లు రాము విన్నాడు’ అన్న వాక్యానికి వాడు ఉపమాలంకారం అని రాసి ఊరుకోలేదు, సమన్వయం కూడా చేశాడు. ఉపమేయం రాము, ఉపమానం అమ్మ, సమానధర్మం వినడం, ఉపమావాచకం ‘అట్లు’. నేను పడీపడీ నవ్వి, వాడి వీపు మీద ఒకటి చరిచి, “ఎవడ్రా నీకిది చెప్పింది?” అన్నాను. వాడు గోడ వైపు వేలు చూపించి, “మీరే రాసిన్రు గద సారూ” అన్నాడు. నా నవ్వు అక్కడ ఆగింది, గదిలో నవ్వు అక్కడ మొదలైంది.

ఆ రోజు అట్ట తీసేసి ఉంటే ఈ కథ పొట్టిగా ముగిసేది. నేనేం చేశానంటే, అట్ట కింద మరో వాక్యం చేర్చాను: ‘చెప్పినట్లు, చేసినట్లు మినహా.’ రోగానికి మందు వేయకుండా రోగి పేరు మార్చడం లాంటి పని అది. ‘వాన వచ్చేట్లుంది’ అన్న వాక్యానికి మరో మినహాయింపు, ‘వాడు వాళ్ల నాన్న లాగే ఉన్నాడు’ అన్నదానికి ఇంకోటి. చివరికి సూత్రం కంటే మినహాయింపులు పొడుగైపోయాయి.

పోలిక చెప్పే మాట ఉన్నంత మాత్రాన ఉపమ కాదని ఆలంకారికులు ఎప్పుడో తేల్చారు. గవయం అనే అడవి జంతువు ఎలా ఉంటుందని అడిగితే ఆవులా ఉంటుందని చెబుతాం. నైయాయికులకు అది ఉపమాన ప్రమాణం, అంటే తెలియని వస్తువును తెలుసుకునే సాధనం. అదే వాక్యాన్ని ఆలంకారికుడి ముందు పెడితే పక్కన పెట్టేస్తాడు. ఆవూ ఉంది, గవయమూ ఉంది, ‘లా’ కూడా ఉంది, మనసును తాకే చమత్కారం మాత్రం లేదు. కొడుకు తండ్రిలా ఉన్నాడంటే అదొక సమాచారం. అదే మాట, తండ్రి తాగి ఇంటికొచ్చిన రాత్రి తల్లి కొడుకును చూసి అంటే? అప్పుడు ఆ ‘లా’ బరువే వేరు. వాక్యం ఒకటే. ఎవరు, ఎవరితో, ఏ వేళ అన్నారన్నది నా అట్ట మీద రాయడానికి చోటు లేదు.

ఇది నాకు పుస్తకంలో అర్థమైంది. ఒంటికి అర్థం కావడానికి ఒక మేక కావలసి వచ్చింది.

ఎండాకాలం. మా ఓనరమ్మ మిద్దె మీద పాత చీర పరిచి బియ్యప్పిండి వడియాలు పెట్టింది. నేను పైన నీడ పట్టున కూర్చుని చదువుకుంటున్నాను. “సారూ, గౌలిపుర మార్కెట్ దాంక పోయొస్త. జర కాకులు రాకుండ చూడుండ్రి” అని చెప్పి ఆమె సంచీ పట్టుకుని వెళ్లింది. నేను కర్ర పక్కన పెట్టుకుని కూర్చున్నాను. శ్రద్ధలో లోపం లేదు. పేజీకి ఒకసారి తలెత్తి ఆకాశం చూశాను. కాకి వాలితే పిట్టగోడ మీదే వాలుతుంది కాబట్టి పిట్టగోడ వైపు తిరిగి, మెట్లకు వీపు పెట్టాను. మెట్ల మీద చప్పుడు వినబడింది కూడా. కాకులు మెట్లెక్కి రావు కదా, అది కాకి కాదని నిర్ధారించుకుని పేజీ తిప్పాను. పక్క సందులోంచి వచ్చిన మేక ఏ తొందరా లేకుండా, ఒక వరస తర్వాత ఒక వరస, చీర అంచు దాకా తినేసి పోయింది.

ఓనరమ్మ వచ్చి చీర చూసింది. నన్ను చూసింది. నా చేతిలో పుస్తకాన్నీ, పక్కన కర్రనీ చూసింది. “కాకులైతే రాలే గద సారూ?” అంది.

“ఒక్కటి కూడా రాలేదమ్మా” అన్నాను.

ఈ జవాబు నేను మనస్ఫూర్తిగా ఇచ్చాను. అదే నా బాధ. ఆమె మాటలో ఎత్తిపొడుపు ఉందని నాకు తెలియడానికి రాత్రి అయింది. చాప మీద దొర్లుతుంటే వెలిగింది. వెలగగానే లేచి కూర్చున్నాను. ఎందుకంటే కాకులకు కాపలా అన్నది శాస్త్రంలో వందల ఏళ్లుగా చెప్పుకునే ఉదాహరణ. మాట తన సొంత అర్థం దాటి మరో అర్థం ఇవ్వడాన్ని, అంటే లక్షణను, వివరించేటప్పుడు చెబుతారు: కాకుల నుంచి పెరుగును కాపాడమని ఒకణ్ణి నిలబెడితే, పిల్లి వచ్చినా కుక్క వచ్చినా వాడు తరమాలి. ‘కాకి’ అన్న మాటకు అక్కడ అర్థం పెరుగు పాడుచేసే ప్రతి ప్రాణీ. కాకి కూడా అందులో ఉంది, దాన్ని వదులుకోలేదు. అందుకే అది అజహల్లక్షణ. గంగలో పల్లె ఉందంటే నీళ్లను వదిలేసి ఒడ్డును పట్టుకుంటాం, అది జహల్లక్షణ. ఈ రెంటికీ తేడా చెప్పమని నేను ఎందరు పిల్లల్ని నిలబెట్టానో! పెరుగు బదులు వడియాలు, పిల్లి బదులు మేక. శాస్త్రం నా మిద్దె మీదికి నడిచి వచ్చి భోంచేసి పోయింది, నేను పేజీ తిప్పుతూ కూర్చున్నాను.

ఇందులో ఒక మెలిక ఉంది. అది చెప్పకపోతే నా తప్పు పూర్తిగా బయటపడదు. మమ్మటుడు కావ్యప్రకాశంలో లక్షణకు మూడు షరతులు పెట్టాడు. ముఖ్యార్థం కుదరకపోవాలి, కొత్త అర్థానికి దానితో సంబంధం ఉండాలి, వాడుకో ప్రయోజనమో వెనక నిలవాలి. గంగలో పల్లె అంటే ముఖ్యార్థం కుదరదు, మునిగిపోతుంది; మనసు వెంటనే వేరే అర్థం వెతుక్కుంటుంది. కాకులు రాకుండా చూడమన్న మాటలో కుదరనిదేముంది? చక్కగా కుదిరింది. కుదిరింది కాబట్టే నేను సుఖంగా కూర్చున్నాను. అందుకే నాగేశభట్టు వంటి తర్వాతి శాస్త్రకారులు అసలు సంగతి మాటల పొందికలో లేదన్నారు. పొందిక కుదిరినా చెప్పినవారి ఉద్దేశం కుదరకపోతే అక్కడే లక్షణ మొదలవుతుందన్నారు. ఓనరమ్మ ఉద్దేశం వడియాలు. నేను కాపలా కాసింది ఆమె వాక్యానికి.

ఇలాంటిదే ఛత్రిన్యాయం అని ఒకటుంది. గుంపులో కొందరి చేతుల్లోనే గొడుగులున్నా మొత్తం గుంపును ‘గొడుగులవాళ్లు’ అనేస్తాం. ఛత్రినాకలో ఉంటూ ఈ ఉదాహరణ చెప్పే అదృష్టం ఎందరికి పడుతుంది! ఈ న్యాయం మీదే మన బస్తీకి పేరొచ్చిందని పిల్లలకు చెప్పేశాను. ఆధారం? నా ఉత్సాహం. ఒకడు ఆ మాట ఇంట్లో చెబితే వాళ్ల తాత “మీ సారు ఎండల బాగా తిరుగుతడా?” అని అడిగాడట.

సందు మొగలో ఒక దర్జీ దుకాణం ఉండేది. ఆ చాచా పాతకాలం ఉర్దూ చదువు చదివినవాడు, నాతో మాట్లాడేటప్పుడు సగం తెలుగు, సగం దక్కనీ. ఒక సాయంత్రం ఇంకా వెలుతురు ఉండగానే కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పుతున్నాడు. ఏమిటి చాచా అంటే, “ఆజ్ జల్దీ దుకాన్ బఢా దియా మాస్టర్‌సాబ్” అన్నాడు. బఢానా అంటే పెంచడమని నాకు తెలుసు. దుకాణం పెద్దది చేశాడన్నమాట. చెయ్యి పట్టుకుని ముబారక్ చెప్పాను. లోపలికి తొంగి చూసి, ఎటువైపు పెంచారని కూడా అడిగాను. ఆయన నన్ను తేరిపార చూసి స్టూలు చూపించాడు. “బంద్ నై బోల్తే మాస్టర్‌సాబ్” అన్నాడు. దుకాణం మూశామంటే అపశకునం, బర్కత్ పోతుంది. అందుకని పెంచామంటారు. దీపాన్నీ ఆర్పరు, పెంచుతారు. గాజులు పగిలాయనరు, చల్లబడ్డాయంటారు. మొహర్రం ఆఖర్న పీర్లను కూడా చల్లబరచడమే.

నేను బిత్తరపోయాను. కొత్త సంగతి విన్నందుకు కాదు. మన తెలుగులో మంగళసూత్రం తెగితే ఏమంటాం? పెరిగింది అంటాం. గాజులు చిట్లితే పెరిగాయి అంటాం. అచ్చంగా చాచా మాటే! దీపం ఆరితే కొండెక్కింది, బియ్యం అయిపోతే నిండుకున్నాయి, పాము కరిస్తే పురుగు ముట్టింది, గడప దాటుతూ పోతాననకుండా పోయొస్తాను. నా చిన్నప్పటి నుంచి మా అమ్మ నోట విన్న మాటలివి. పక్కవాడి భాషలో అదే మాట ఎదురైతే గుర్తుపట్టలేక చెయ్యి పట్టుకుని ఊపాను. మన మాటల్లో ఉన్న వంకర మనకు కనబడదు, నాలుక దానికి అలవాటు పడి ఉంటుంది. శాస్త్రం దీన్ని నిరూఢలక్షణ అంటుంది. ‘కుశలుడు’ అంటే దర్భలు కోసేవాడని, ‘ప్రవీణుడు’ అంటే వీణ బాగా వాయించేవాడని ఇప్పుడెవరికి గుర్తు?

ఆ సాయంత్రం చాచా నాకు ఉర్దూ అలంకారాలు చెప్పాడు. తష్బీహ్ మన ఉపమ. ఇస్తిఆరా అంటే అరువు తెచ్చుకోవడం. ఒకదాని పేరును ఇంకోదానికి అరువివ్వడం. ఈహామ్ మన శ్లేషకు దగ్గరి చుట్టం. నాకు బాగా నచ్చింది హుస్నె తాలీల్. జరిగినదానికి అసలు కారణం వదిలేసి కవి అందమైన కారణం కల్పిస్తాడు, మన హేతూత్ప్రేక్ష. “మీరు వడియాలు పోయినందుకు చెప్పిన కారణం హుస్నె తాలీల్ కాదు” అని కూడా అన్నాడు. మేక కథ సందు మొగ దాకా వచ్చిందని అలా తెలిసింది.

ఇంత జరిగాక మనిషి జాగ్రత్త పడాలి కదా. పడ్డాను, తప్పుడు దిక్కులో. ప్రతి మాట వెనకా ఇంకో అర్థం ఉందేమోనని వెతకడం మొదలుపెట్టాను. పాలవాడు “రేపు రాను” అంటే ధ్వని ఏమిటని ఆలోచించాను. ధ్వని ఏమీ లేదు, వాడు రాలేదు. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో ధ్వనిని పట్టుకోవడానికి సహృదయుడు కావాలన్నాడు. వ్యాకరణం, నిఘంటువు తెలిస్తే చాలదన్నాడు. నేను ఆ వాక్యం కింద ఎర్రగీత గీసుకుని, అదే నిఘంటువు పట్టుకుని తిరిగాను.

ఇక అసలు కథ. ఆషాఢం వచ్చింది. గోల్కొండ జగదాంబిక బోనంతో జంటనగరాల్లో జాతర మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళికి సాగి, మా వైపు లాల్ దర్వాజ సింహవాహినికి చేరేదాకా, పాతబస్తీలో ఏ గుమ్మం చూసినా వేపమండలే. నా ట్యూషన్ పిల్ల ఒకతి రావడం లేదు. దారిలో వాళ్లమ్మ కనబడితే అడిగాను. ఆమె గొంతు తగ్గించి, “అమ్మొచ్చింది సారూ. కొన్నొద్దులు పిల్ల రాదు” అంది.

అమ్మవారు పోయడమంటే తెలియనివాణ్ణి కాదు. నల్లగొండ వైపు మా ఊళ్లో ‘తల్లి పోసింది’ అంటారు. ఇక్కడ క్రియ మారింది. అమ్మ వచ్చింది. ఎవరి అమ్మయినా కూతురింటికి పండగపూట వస్తుంది కదా! ముఖ్యార్థం నిక్షేపంలా కుదిరిపోయింది, మళ్లీ. వాళ్ల గుమ్మానికి వేపాకు కట్టి ఉంది నిజమే. ఆ నెలలో ఎవరి గుమ్మానికి లేదు? పెద్దావిడ ఊరినుంచి వస్తే పలకరించి రావడం మర్యాద అనిపించింది. అరటిపండ్లు కొనుక్కుని మరునాడు వెళ్లాను.

“అమ్మను చూసి పోదామని వచ్చాను” అన్నాను. ఆమె మొహంలో ఏదో మెదిలింది. కాని అమ్మను చూడడానికి వచ్చినవాణ్ణి కాదని ఎలా పంపుతుంది? పక్కకు జరిగింది. నేను లోపలి గది గడప దగ్గర కూర్చున్నాను. లోపల చీకటి, ఎవరో పడుకుని ఉన్నారు. పెద్దావిడ ప్రయాణం బడలికతో నిద్రపోతోంది కాబోలనుకుని గొంతు తగ్గించాను.

“అమ్మ ఎప్పుడు పోతుంది?” అన్నాను.

“గట్లనకుండ్రి సారూ!” ఆమె చెంపలేసుకుంది. “తల్లి ఇష్టం. ఎప్పుడు పోవాలనుకుంటే గప్పుడు పోతది. మంచిగ సాగనంపుతం.”

కన్నతల్లి మీద ఎంత భక్తి అనుకున్నాను. కళ్లు చెమర్చాయి కూడా. “ఉప్పుగూడ స్టేషనులో రైలెక్కించాలంటే చెప్పండి, నేను వస్తాను” అన్నాను.

ఆమె ఏమీ అనలేదు. లేచి, నేను కూర్చున్న చోట పసుపునీళ్లు చల్లింది.

ఆటలమ్మ ఒంట్లో చేరాక బయటపడడానికి పది నుంచి ఇరవై ఒక్క రోజులు పడుతుంది. గాలిలోనే అంటుకుంటుంది, గడప అడ్డం కాదు. పెద్దయ్యాక వస్తే పిల్లలకంటే గట్టిగా వస్తుంది. ఇవన్నీ నాకు డాక్టరు చెప్పాడు, మాత్రలు రాసిస్తూ. లాల్ దర్వాజ బోనాల ఆదివారం నాటికి నా ఒంటి మీద అరచేయంత ఖాళీ లేదు. కింద డప్పులు, పోతరాజు కొరడా చప్పుడు, ఫలహారం బళ్లు. పైన వేపాకుల మీద నేను.

ఓనరమ్మ బోనం ఎత్తుకుని పోయేముందు నా గది గుమ్మంలో ఆగింది. తల వంచి రెండు చేతులూ జోడించి దండం పెట్టింది. వడియాలు పోగొట్టినప్పటి నుంచి నాతో ముభావంగా ఉన్న మనిషి! నేను గాభరాపడి లేవబోయాను. “మీకు గాదు సారూ, పండుకోండ్రి” అంది. ఆమె వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్లు, వాళ్లూ దండం పెట్టారు. ఉపమేయం మీద ఉపమానాన్ని ఆరోపించి రెండూ ఒకటేనంటే రూపకమని ఎన్ని వందలసార్లు చెప్పానో. ఆ పూట ఆరోపం నా మీదే జరిగింది. నేను అడ్డుగా ఉన్న ఉపమేయాన్ని. వాళ్లు నా మీదుగా ఇంకెవరినో చూస్తున్నారు.

దురద మధ్యలో నాకొక గర్వం మిగిలి ఉండేది, అదీ చెప్పేస్తాను. ఈ మాటలన్నీ మూఢనమ్మకం అని, వైరస్సు గురించి తెలియనివాళ్లు రోగాన్ని తల్లి అనుకుంటున్నారని లోలోపల అనుకునేవాణ్ణి. ఓనరమ్మతో, “అమ్మా, ఇది నిజానికి ఒక వైరస్సు” అని మొదలుపెట్టాను. ఆమె పెరుగన్నం గిన్నె కింద పెడుతూ, “వైరస్సే గద సారూ. మా మనవరాలికి సూది ఏపిచ్చినం. మీరేపిచ్చుకోలేదా?” అంది. అంతే. డాక్టరు రాసిన మాత్ర వేళకు మింగమని గుర్తుచేసేదీ ఆమే, అమ్మను కసురుకోవద్దని హెచ్చరించేదీ ఆమే. రెండు అర్థాలనూ రెండు చేతుల్లో పట్టుకుని, ఒకటి ఇంకోదాన్ని తగలకుండా నడవగలదు. మాటను ఉన్నదున్నట్టు నమ్మి రోగం తెచ్చుకున్నది ఆ ఇల్లంతటిలో నేనొక్కణ్ణే. చదువుకున్నవాణ్ణి.

ఈ ఊరికి ఇది కొత్త కాదు. 1813లో కలరా రోజుల్లో, సైన్యంతో ఉజ్జయినికి పోయిన సురిటి అప్పయ్య అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడని సికింద్రాబాద్ గుడి కథ చెబుతుంది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి ఊరిని ముంచినప్పుడు, మహారాజా కిషన్ పర్షాద్ సలహా మీద ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బంగారు పళ్లెంలో పట్టుచీర, పసుపు కుంకుమలు, ముత్యాలు పెట్టి నదికి సమర్పించాడని పాతబస్తీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏరుకు చీర ఏమిటని ఆ కథ వినేటప్పుడు ఎవరూ అడగరు. అదే ఊళ్లో వరదల తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టించారు. చీరా, ఆనకట్టా రెండూ ఒకే నదికి. ఆ రెంటిలో ఏది పిచ్చి, ఏది తెలివి అని విడదీయబోవడం నాలాంటి అట్టలవాడి పని.

బోనాల మరునాడు రంగం. పచ్చికుండ మీద నిలబడి ఒక స్త్రీ అమ్మ మాటగా రాబోయే ఏడాది సంగతులు చెబుతుంది. ఆ సాయంత్రం మా కింద నల్లా దగ్గర ఆడవాళ్లు దాని మీద వాదించుకుంటుంటే మంచం మీంచి విన్నాను. అమ్మ కోపంగా అందా, అలిగి అందా? బిడ్డలని ఎవర్ని అంది, అందర్నా, గుడికి రానివాళ్లనా? ఆ మాటకు వానలు తక్కువని అర్థమా, మనం చేసేదాంట్లో తక్కువుందని అర్థమా? ఒకామె, “గట్ల గాదు, గా మాటకు ముంగట ఏమన్నదో యాది జేస్కో” అని నిలదీసింది. శాస్త్రంలో దాన్ని ప్రకరణం అంటారు. ఉద్దేశం, సందర్భం, గొంతు, ముందుమాట – అన్నీ లెక్కలోకి వచ్చాయి. ‘లాగా’ ఉందా లేదా అని మాత్రం ఎవరూ చూడలేదు. బిందెలు నిండాయి, వాదన తేలలేదు, ఎవరింటికి వాళ్లు పోయారు. నేను అప్పుడు లేచి ఒక కాగితం తీసుకుని రాసుకోబోయాను. ఏం రాయాలో తెలియలేదు. పొక్కు గోక్కుని పడుకున్నాను.

తగ్గాక ట్యూషన్ మళ్లీ మొదలుపెట్టాను. అట్ట ఇంకా ఉంది. పరీక్ష మారలేదు కాబట్టి. తీసేయాలని రెండుసార్లు చేయి పెట్టాను, తల్లిదండ్రుల మొహాలు గుర్తొచ్చి ఊరుకున్నాను. ఆటలమ్మ తగ్గిన ఆ పిల్ల మొదటి వరసలో కూర్చుంది. ఉపమావాచకాలు వల్లె వేయిస్తుంటే చేయెత్తింది.

“సారూ, ‘అమ్మొచ్చింది’ ఏ అలంకారం?”

గదంతా నా మొహం చూసింది. అందరికీ తెలుసు. నేను గొంతు సవరించుకుని, ఇది నిరూఢలక్షణ అనొచ్చు, నేరుగా చెప్పకుండా మరో దారిలో చెప్పింది కాబట్టి పర్యాయోక్తమనొచ్చు, అభేదం ఉంది గనక రూపకమని వాదించేవాళ్లు ఉండొచ్చు, అసలు అలంకారమే కాదనే పక్షం కూడా... అంటూ పోతున్నాను. గుమ్మం ముందు నుంచి నీళ్ల బిందెతో పోతున్న ఓనరమ్మ ఆగి లోపలికి తొంగి చూసింది.

“అమ్మకు అలంకారం శుక్రారం జేస్తరు బిడ్డా” అంది ఆ పిల్లతో. “గుడికి పోయి చూడు.”

తమాషాకు అందో, నిజంగా చెప్పిందో ఆమె మొహం చూసి నేను పట్టుకోలేకపోయాను. ఆ పిల్ల మాత్రం తల వంచి నోట్‌బుక్కులో ఏదో రాసుకుంది. వెళ్లి చూశాను. ‘శ్లేష’ అని ఉంది. రెండు మార్కులూ వేసేశాను.